అవ్వ పులులు, పాప మేకలు

మే నెలలో కడపకు పోదాం అంటే మా ఆమె నన్ను ఎండదెబ్బ తగిలినోన్ని చూసినట్టు చూస్తాది. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లోళ్ళు, 43, 44 డిగ్రీల ఎండలో ఆడ ఏం చేస్తారు అంటాది. నిజమే, పొద్దున పదకొండు దాటిందంటే సాయంత్రం ఐదు దాకా వాకిలి తీసే పని ఉండదు, వీధిలో కుక్క కూడా కనపడదు, మధ్యలో కరెంటు పోయిందంటే వైఫై పోతాది, ఫోన్లో చార్జింగ్ అయిపోతాది, ఇంక పిల్లోళ్ళ మొహాలు చూడాల. కానీ నాకు మాత్రం ఆ ఆరు గంటలే కావాల. ఎందుకంటే మా ఇంట్లో ఆటలన్నీ ఆ ఆరు గంటల్లోనే జరుగుతాయి, నా చిన్నప్పటి నుంచి అంతే.

ముందు మా బండ గురించి చెప్పాల. మా ఊరు ఎర్రగుంట్ల పక్కన. ఆ పక్కంతా నాపరాళ్ళ గనులే, కడప బండలు అని దేశమంతా అమ్ముతారు కదా, అవే. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటాది, ఉలి పెట్టి సరిగ్గా కొడితే పలకలాగా లేచి వస్తాది, అందుకే మా పక్క పేదోళ్ళ ఇళ్ళల్లో కూడా కింద మట్టి ఉండదు, బండలే. మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, ఆ గనుల్లోనే పని చేసినాడు. ఆయన ఒక వానాకాలం పని లేక ఖాళీగా కూర్చోని, రెండడుగులకు రెండడుగుల నల్ల బండ మీద పులిజూదం గీతలు చెక్కినాడంట. మా ఊరి రచ్చకట్ట మీద కూడా ఒకటి ఉండేది, అది ఎవరు చెక్కినారో ఎవరికీ తెలీదు, కానీ ఇంట్లోది మాత్రం అబ్బదే. అరుగు మీద పరిచినారు. నాయన, ఇద్దరు చిన్నాయనలు, మా అత్త, ఆ తర్వాత మేం ఆరుమంది పిల్లోళ్ళం, అందరం దాని మీద కూర్చోని, పడుకోని, కొట్టుకోని పెరిగినాం.

ఊర్లో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మేస్త్రీ అరుగు మీదికి గడ్డపార ఎత్తినాడు, మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పోయి ఆ బండ మీద కూర్చునింది. "నన్ను లేపి ఆ తర్వాత బండ లేపు" అనింది. నాయన బతిమాలినాడు, చిన్నాయన కోప్పడినాడు, ఆమె లేస్తే కదా. ఆఖరికి బండను పగలకుండా తీసి టెంపోలో కడపకు తెచ్చినారు, తెచ్చేటప్పుడు ఒక మూల విరిగింది. ఇప్పుడు మా కడప ఇంటి వరండాలో ఉంది, విరిగిన మూలకు సిమెంటు పూసి దాని మీద పెయింటుతో గీత గీసినారు. అవ్వ ఆ మూలను "మొండి మూల" అంటాది, పులిని ఆడికి పోనీయదు. అది అపశకునమంట! ఇది ఎప్పటి శాస్త్రమో నాకైతే తెలీదు, బండ విరిగినాక పుట్టిన శాస్త్రం.

ఆట తెలియనోళ్ళకు రెండు ముక్కల్లో చెప్తా. ఇరవై మూడు చోట్లు, మూడు పులులు, పదైదు మేకలు. మేకలోడు ఒక్కొక్క మేకను పెడుతూ పోవాల, పదైదూ పెట్టేదాకా ఏ మేకా జరగకూడదు. పులి మాత్రం మొదటి నుంచి తిరగొచ్చు, పక్కనుండే మేక మీద దూకి అవతలి చోటు ఖాళీగా ఉంటే దాన్ని తినొచ్చు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలోడు గెలిచినట్టు. చూసేకి పులులదే పైచేయి అనిపిస్తాది, ఓపికుండే మనిషి చేతికి మేకలు పోతే పులుల పని అయిపోతాది. మా ఇంట్లో మేకలకు చింతపిచ్చలు, పులులకు పలుగురాళ్ళు. నల్ల బండ కదా, గీతల్లో సుద్దముక్క రుద్దితే తెల్లగా కనపడతాయి, అవ్వకు రెండు కండ్లూ ఆపరేషన్ అయినా ఆ గీతలు మాత్రం తడబడకుండా పట్టేస్తాది.

మా పాపకు తొమ్మిదేండ్లు, అవ్వకు ఎనభై రెండు. రెండేండ్ల కింద పాపకు ఈ ఆట నేర్పించింది అవ్వే. నేర్పించింది అంటే ఏదో ముద్దుగా పక్కన కూర్చోబెట్టుకోని కాదు. వరసగా పద్నాలుగు ఆటలు ఓడించింది. పాప ఏడ్చింది. మా ఆమె నన్ను పక్కకు పిలిచి "చిన్నపిల్ల, ఒక్క ఆట ఇడిచి పెట్టమను ఆమెను" అనింది. నేను పోయి అవ్వ చెవిలో చెప్పినా. అవ్వ చెవిలో చెప్పడం అంటే వీధి అంతా చెప్పినట్టే, ఆమెకు వినపడదు కదా. "ఏమిరా, ఓడిపోయేదెందుకు? నేను ఓడితే అదేం నేర్చుకుంటాది? దానికి చేతగాకపోతే పోయి ఫోన్ చూసుకోమను" అని గట్టిగా అనింది, పాప వినింది, మొహం తుడుచుకోని మళ్ళ వచ్చి కూర్చునింది.

నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. అవ్వను ఇంట్లో అందరం గాజు గ్లాసు లాగా చూస్తాం. మెట్లు దిగగాకు, చల్లనీళ్ళు తాగగాకు, ఉప్పు తగ్గించు, మాత్ర వేసుకున్నావా. పాపను కూడా అంతే, ఎండలోకి పోవద్దు, అది ముట్టుకోవద్దు, హోంవర్క్ చేసినావా. ఇద్దరి మాటకూ ఇంట్లో విలువ లేదు, ఎవరన్నా అడుగుతారా వాళ్ళను ఏమన్నా? అయితే ఆ బండకు అటూ ఇటూ కూర్చున్నారంటే మాత్రం ఇద్దరూ ఒకరినొకరు మనిషిని చూసినట్టు చూసుకుంటారు. పాప పొరపాటున మేకను ఒంటరిగా పెడితే అవ్వ అయ్యో అనదు, తినేస్తాది, తిన్నాక చెప్తాది, "మేకను ఒంటరిగా వదలగాకు మే. దాని వీపు వెనకాల ఖాళీ ఉండకూడదు. ముందు అంచులు పట్టుకో, నడిమికి తొందరపడగాకు." పాప పదహైదో ఆట గెలిచిందనుకుంటారేమో, లేదు, ఆ ఎండాకాలం మొత్తం గెలవలేదు. మళ్ళ దసరా సెలవుల్లో వచ్చినప్పుడు ఒకటి గెలిచింది. ఆ పొద్దు అవ్వ సంగటి కూడా సరిగ్గా తినలేదు, "కండ్లు మసకలు వచ్చినాయి, అందుకే" అని రాత్రి దాకా అంటానే ఉండింది.

మా అమ్మ సంగతి ఇంకా చోద్యం. అమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చి నలభై ఏండ్లు దాటింది, అవ్వకు ఎదురు మాట్లాడింది నేను చూడలేదు, వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా ఇప్పటికీ అత్త చెప్పినట్టే. అట్లాంటి మనిషి అష్టాచెమ్మాలో గవ్వలు చేతికి వస్తే మారిపోతాది. నేలమీద ఐదు గళ్ళకు ఐదు గళ్ళు సుద్దతో గీసి, నలుగురు నాలుగు పక్కల కూర్చుంటాం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. మా ఇంట్లో రూలు ఏందంటే అవతలోళ్ళ కాయ ఒక్కటన్నా చంపకుండా లోపలి గళ్ళలోకి పోయేకి లేదు. అంటే ఎవరో ఒకరిని చంపాల్సిందే, తప్పదు. అమ్మకు ఎదురుగా ముగ్గురు ఉన్నా, నేను ఉన్నా, పిల్లోళ్ళు ఉన్నా, ఆమె కండ్లు మాత్రం అత్త కాయ మీదే ఉంటాయి. "అత్తా, మీ కాయ చచ్చింది" అని చాలా మర్యాదగా చెప్పి, ఆ కాయను తీసి ఆమె చేతిలో పెడతాది చూడు, ఆ మొహంలో ఉండే వెలుగు నేను దీపావళికి కూడా చూడలేదు. అవ్వ ఊరుకుంటుందా, "నువ్వు గవ్వలు ఊపలేదు, ఒకటి వేళ్ళ సందులో పట్టుకున్నావు" అంటాది. నలభై ఏండ్ల నుంచి అదే గొడవ. మా అత్తను బళ్ళారి పక్కకు ఇచ్చినాము, ఆమె వస్తే దీన్నే చౌకాబారా అంటాది, రూలు కూడా కొంచెం తేడా చెప్తాది, అప్పుడు గొడవ మూడు పక్కల అవుతాది.

రూళ్ళ గొడవ అంటే మా నాయన, మా పెద్దోడు. పెద్దోనికి పదమూడేండ్లు, వాడు దేన్నైనా ఫోన్లో చూసి తేలుస్తాడు. క్యారమ్స్‌లో రెడ్‌కు మా ఇంట్లో ఐదు పాయింట్లు, నాయన కాలం నుంచి అంతే, వీడొచ్చి అఫీషియల్ రూల్స్‌లో మూడే అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. "ఆ రూలు రాసినోడు వచ్చి నాతో ఆడమను" అన్నాడు. మా బోర్డుది కూడా పెద్ద కథ, అసలు బోర్డు ఆడే చోటు 74 సెంటీమీటర్లు ఉండాలంట, మాది ఊర్లో వడ్లాయన చేసింది, ఆయన చెక్క వేస్ట్ కాకూడదని ఇంకొంచెం పెద్దగా చేసినాడు, అందుకే మేం బయట ఎక్కడికి పోయి ఆడినా స్ట్రైకర్ ఎక్కువ బలంగా కొట్టి అవతల పడేస్తాం. చిన్నప్పుడు మందుల షాపులో బోరిక్ పౌడర్ తెచ్చేది నా పని, ఆ షాపాయన ప్రతిసారీ "మీ నాయన ఆడేకా, పుండుకా" అని అడిగేవాడు.

చెస్‌లో కూడా ఇదే. పెద్దోడు ఆన్‌లైన్‌లో రేటింగ్ పెంచుకునే రకం, 2024 డిసెంబర్‌లో గుకేశ్ సింగపూర్‌లో డింగ్ లిరెన్ మీద గెలిచి పద్దెనిమిదేండ్లకే వరల్డ్ ఛాంపియన్ అయినప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది, అదే నెలలో మన కోనేరు హంపి రెండోసారి వరల్డ్ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది కదా, అది కూడా వాడే చెప్పినాడు మాకు. నాయనకు వచ్చింది పాత చదరంగం. బంటు ఎప్పుడూ ఒక్క అడుగే, రెండు అడుగులు పోయేది లేదు, రాజు మాత్రం ఆటలో ఒక్కసారి గుర్రం లాగా దూకొచ్చు. మొదటిసారి నాయన రాజును ఎత్తి గుర్రం గెంతు గెంతించి షా నుంచి, అంటే చెక్ నుంచి తప్పిస్తే పెద్దోడు కుర్చీలోంచి లేచిపోయినాడు. "తాతా, చీటింగ్!" నాయన "షా చెప్పినాక దూకకూడదు, అది నేనే మర్చిపోయినా, వెనక్కి తీసుకుంటా" అన్నాడు తాపీగా, అంటే ఆయన రూలు ప్రకారం చూసినా అది చీటింగే అనమాట. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చినారు, పొద్దున వాని రూల్స్, మధ్యాహ్నం తాత రూల్స్. మధ్యాహ్నం ఆటలు తాతే ఎక్కువ గెలుస్తాడు. రాత్రి కరెంటు ఉంటే ఆట లేదు, నాయన సీరియల్ చూస్తాడు. అవును, అమ్మ కాదు, నాయనే.

పోయిన ఎండాకాలం పెద్దోడు కటాన్ అనే ఆట తెచ్చినాడు, వాళ్ళ ఫ్రెండ్ దగ్గర తీసుకోని. జర్మనీది, 1995లో వచ్చిందంట. ఒక ద్వీపం, దాంట్లో కట్టె, ఇటుక, గోధుమ, గొర్రె, రాయి, వీటి కార్డులు వస్తాయి, ఒకరితో ఒకరు మార్చుకోని ఇండ్లు, రోడ్లు కట్టుకోవాల. నేను, మా ఆమె, పిల్లోళ్ళు నలుగురం కూర్చున్నాం, అవ్వ మంచం మీద పడుకోని ఉంది, నిద్రపోయింది అనుకున్నాం. పెద్దోడు "నాకొక ఇటుక కావాల, గొర్రె ఇస్తా, ఎవరన్నా ఇస్తారా" అన్నాడు. అంతే, మంచం మీద నుంచి అవ్వ లేచి కూర్చునింది. "ఏందిరా, ఒక ఇటికెకు గొర్రె ఇస్తావా? పిచ్చి పట్టిందా నీకు? ఒక గొర్రె అమ్మితే వెయ్యి ఇటికెలు వస్తాయి!"

వాడు అవ్వకు అర్థమయ్యేలా చెప్పేకి పోయినాడు, అవ్వా ఇది ఆట, ఇక్కడ గొర్రెలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి రేటు లేదు అని. అవ్వ వినలేదు, మంచం దిగి వచ్చి పాప పక్కన కూర్చునింది. అప్పటి నుంచి పాప తరఫున బేరం అంతా అవ్వదే. ఒక గొర్రెకు మూడు ఇటుకలు తక్కువైతే ఇయ్యనిచ్చేది లేదు. మేం నవ్వినాం, కానీ అరగంట తర్వాత మా అందరికీ గొర్రె అవసరం పడింది, గొర్రెలన్నీ పాప చేతిలోనే ఉన్నాయి. ఇల్లు కట్టేదానికి ఇటుక, కట్టె, గోధుమతో పాటు ఒక గొర్రె కూడా కావాల ఆ ఆటలో. పాప అడిగింది, "అవ్వా, ఇల్లు కట్టను గొర్రె ఎందుకు?" అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గృహప్రవేశానికి యాట లేకపోతే ఎట్లా మే?"

పాచికల్లో ఏడు పడితే దొంగ వస్తాడు, ఎక్కువ కార్డులు దాచుకున్నోళ్ళు సగం పోగొట్టుకోవాల. అది అవ్వకు అస్సలు నచ్చలేదు, "మందకు కాపలా పెట్టుకోవాల గదా" అని వెతికింది, కాపలా కార్డు లేదని తెలిసి ఆ ఆట చేసినోన్ని తిట్టింది. (నిజానికి దొంగను తోలే కార్డులు ఉన్నాయి, మేం చెప్పలేదు. చెప్తే ఇంక ఆట మాది కాదు.)

శివరాత్రికి మాత్రం వేరే ఆట ఏదీ లేదు, వైకుంఠపాళి ఒక్కటే. మా చిన్నప్పుడు పొలతల తిరుణాలకు పోయి వచ్చి, రాత్రంతా జాగారం ఉండేకి ఆ పటం పరిచేవాళ్ళు. ఇంగ్లీషోళ్ళు మన ఆటనే తీసుకుపోయి 1890ల్లో అక్కడ పాములు నిచ్చెనలు అని అమ్ముకున్నారు, పిల్లోళ్ళకు ఇప్పుడు అదే తెలుసు, నూరు గళ్ళది. మన దాంట్లో ఉండే కష్టం దాంట్లో లేదు. పైదాకా పోయి, వైకుంఠం ఇంక దగ్గరే ఉంది అనంగా పెద్ద పాము అరుకాషుడు నోరు తెరుచుకోని ఉంటాడు, వాని నోట్లో పడితే కింద మొదటికి. మా ఇంట్లో ఆ రాత్రి అరుకాషుని నోట్లో పడినోళ్ళు అందరికీ టీ పెట్టాల. ఒక శివరాత్రి నాయన నాలుగుసార్లు పడినాడు, నాలుగోసారి పాలు అయిపోయినాయి. ఈ ఆటలో తెలివితో పని లేదని చెస్ ఆడే పెద్దోడు చులకన చేస్తాడు. తెల్లారుజాము మూడింటికి తెలివితో ఆడే ఆట పెట్టు చూస్తా, అందరూ బండ మీదే నిద్రపోతారు.

2020 లాక్‌డౌన్‌లో మేం బెంగళూరులో ఇరుక్కున్నాం, అమ్మావాళ్ళు కడపలో, మా అక్క అనంతపురంలో. అందరి ఇళ్ళల్లో లాగానే మేం కూడా లూడో కింగ్ పెట్టుకున్నాం. వారం బాగానే నడిచింది. తర్వాత నాయనకు అనుమానం మొదలైంది, "ఇది నాకు ఆరు వేస్తాలేదు, ఆడ మీకే వేస్తాంది, ఫోన్లో పాచిక ఊపేది ఎవరు?" ఎవరూ ఊపరు నాయనా, అదే పడతాది అంటే, "ఎవరూ ఊపకుండా ఎట్లా పడతాది" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు ఇప్పటికీ. చేతిలో గవ్వలు గలగలమని ఊపి, వేసేముందు నోటితో ఊది, అప్పుడు అష్టా పడకపోతే తిట్టుకునేకి మన చెయ్యి ఉంటాది. ఫోన్లో ఎవరిని తిట్టాల?

సరే, ఈ ఎండాకాలం సంగతి చెప్పి ఆపేస్తా. తిరిగి పోయే రోజు పొద్దున పాప, అవ్వ ఆట పెట్టినారు. రైలుకు టైమ్ అవుతాంది, ఆట తెగలేదు. పాప మేకలన్నీ పెట్టేసింది, నాలుగు పోయినాయి, పదకొండు మిగిలినాయి, ఒక పులిని మొండి మూల దగ్గర దాదాపు కట్టేసింది. మా ఇంట్లో ఆరు మేకలు పోతే ఆట పోయినట్టే. అమ్మ బొరుగుల మూటా, ఓళిగల డబ్బా సర్దుతా ఉంటే, నేను ఆటో వచ్చింది పదండి అని అరుస్తాంటే, పాప కదలదు. అవ్వ అనింది, "పోయిరా. ఎవరూ ముట్టుకోరు. ఫోన్లో చెప్పు, మీ తాత జరుపుతాడు."

అట్లా మూడు వారాలు నడిచింది. రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పాప ఫోన్ చేస్తాది, ఏ మేక యాడికో చెప్తాది, నాయన జరుపుతాడు, అవ్వ పులిని జరుపుతాది, అమ్మ ఆ బండ చుట్టూ ఊడుస్తాది. పోయిన బుధవారం పాప ట్యూషన్‌లో ఉండి వాయిస్ మెసేజ్ పెట్టింది, "తాతా, ఎడమ పక్క కింద గీత మీదుండే మేకను పైకి జరుపు." నాయన ఆ రోజు కండ్లజోడు లేకుండా అవ్వ పక్కన కూర్చోని ఉన్నాడు. అవ్వ పక్క నుంచి చూస్తే ఎడమ అంటే పాపకు కుడి. వేరే మేక జరిగింది, దాని వెనకాల ఖాళీ, అవ్వ పులి దూకింది, మేక పాయ.

రాత్రి వీడియో కాల్‌లో పాప చూసి ఇల్లు పీకి పందిరేసింది. అవ్వ దిగి రాలేదు. "జరిపిన మేక జరిపినట్టే. మీ తాతనే అడుగు" అని మంచం ఎక్కింది. నాయనకు పాపం అన్నం సయించలేదు. పదకొండుకు నాకు ఫోన్ చేసి గుసగుసగా, "అవ్వ నిద్రపోయింది, మేకను మళ్ళ పెట్టేస్తా, పులిని కూడా పాత చోటికి జరిపేస్తా, పాపకు చెప్పు ఏడవొద్దని" అన్నాడు. పెట్టేసినాడు కూడా.

పొద్దున ఆరుంపావుకు ఫోన్ మోగింది, అవ్వ. నాకు కాదు, పాపకు ఇయ్యమనింది. స్పీకర్లో పెట్టినా.

"ఏం మే, రాత్రి పండుకునేటప్పుడు లెక్కపెట్టినా, పది మేకలు. తెల్లారేసరికి పదకొండు అయినాయి. మీ తాత మందలో ఏదన్నా ఈనిందేమో కనుక్కో."